జ్వరాలాయన చుట్టాలు

ఆ రోజు మా ఆరోగ్య కేంద్రం వరండాలో ఉన్నవాళ్ళు ఐదుగురు: జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, ఆయన ఫైళ్ళు మోసుకొచ్చిన గుమాస్తా, మా డాక్టరుగారు, ల్యాబ్ టెక్నీషియన్‌నైన నేను, గోడ పక్కన నిలబడ్డ మలేరియా కార్యకర్త. కుర్చీలు మూడు. టీ గ్లాసులు నాలుగు. బల్ల ఒకటి. దాని మీద కార్యకర్త ఖాకీ సంచీలోంచి తీసి పరిచిన సరుకు: గాజు స్లైడ్ల పెట్టె, సూదుల డబ్బీ, స్పిరిట్ సీసా, దూది, జ్వరం మాత్రలు, రెండు పెన్సిళ్ళు, రిజిస్టరు. ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చినవి. ప్రభుత్వం ఇవ్వనిది ఒక్కటే, మజ్జిగ సీసా. గుమాస్తా దాని మూత తీసి, వాసన చూసి, మజ్జిగేనని అధికారికి నివేదించాడు.

నేరం: లేని జ్వరాలు రాయడం. సాక్ష్యం: నేను గీసిన పట్టిక.

ఇది జరిగి ఏడేళ్ళయింది. మొన్న తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సులో, వడమాలపేట దగ్గర ఎక్కిన ఒక పెద్దామె నన్ను గుర్తుపట్టి, "ల్యాబు అబ్బయ్యవు కదా నువ్వు? జ్వరాలాయన పోయినాడంట, తెలిసెనా?" అంది. తెలియదన్నాను. "యాడనో పడమట, కూతురింట్లో పోయినాడంట. మాకు చుట్టం. ఒక కబురన్నా చేయలే సూడు వాళ్ళు," అని కోప్పడింది. ఆమె కులం వేరు, ఆయన కులం వేరు. ఆయన పక్షానికోసారి మాత్రలు తెచ్చిచ్చిన పదకొండు ఇళ్ళలో ఆమెది ఒకటి. చుట్టరికం అంతవరకే. అయినా ఆమె మాట తప్పు కాదు. ఒక ఆసుపత్రి రికార్డులో ఆయన ఆమెకు అల్లుడు.

ఆయన పేరు రాయను. రాసినా ఆ ఊళ్ళలో ఎవరికీ తెలియదు. సైకిలు బెల్లు పాడై చాలా కాలమైంది కాబట్టి సందు మలుపులో గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే ఆడవాళ్ళు "జ్వరాలాయన వచ్చినాడు" అనేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. సన్నగా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. ఎవరింట్లోనూ మంచం మీద కూర్చోడు. గడప పక్కన గొంతుక్కూర్చుని, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాస్తాడు. ఎవరేమిచ్చినా తినడు, తన మజ్జిగ తను తాగుతాడు.

ఆయన ఉద్యోగానికి ప్రభుత్వం నేను చూస్తుండగానే రెండు పేర్లు మార్చింది. పేరు పొడుగైన ప్రతిసారీ తిరగాల్సిన ఊళ్ళు పెరిగాయి. సైకిలు మాత్రం మొదటి నుంచీ ఆయన సొంతమే. పని ఇది: పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ పోయి, జ్వరమేమన్నా ఉందా అని అడగాలి. ఉందంటే వేలు పొడిచి రెండు చుక్కల నెత్తురు గాజు మీద పూయాలి, మాత్రలు మింగించాలి, గోడ మీద తేదీ వేయాలి. ఆ గాజు నా దగ్గరికి వస్తుంది. నేను రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద నూరు చోట్ల వెతికి, మలేరియా పురుగు ఉంటే పాజిటివ్ అని, లేకుంటే నెగటివ్ అని రాయాలి. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. తొంభై తొమ్మిది చోట్ల చూసి నూరు అని రాసిన పాపం నేనెన్నడూ చేయలేదు.

ఆయనకు లోకమంతా జ్వరంతోనే కొలత. డాక్టరుగారు చిరాగ్గా ఉంటే, "సార్‌కి ఈ పొద్దు నూటొకటి ఉండాది, ఫైలు రేపు తీసుకుపో," అని నన్ను హెచ్చరించేవాడు. ఎన్నికలొస్తే, "నాయకులకి చలిజ్వరం. వణుకుతా వస్తారు, చెమట పట్టినాక పోతారు," అనేవాడు. జిల్లా ఆఫీసులో ఒక్కరికీ మలేరియా రాలేదేమని నేనొకసారి అడిగితే, "ఎట్లొస్తాది సామీ? దోమ లోపలికి పోవాలన్నా చీటీ రాసివ్వాల," అన్నాడు.

ఇప్పుడు ఆ పదకొండు మంది సంగతి.

ఇంటింటికీ పోయి జ్వరముందా అని అడిగేవాడికి వచ్చే జవాబులన్నీ జ్వరం గురించే ఉండవు. "జ్వరం లేదన్నా, మా ఆయనకి నెలగా నిద్రే లేదు." "జ్వరం లేదు గానీ, పిల్ల బిడ్డను కన్నప్పట్నుంచీ గోడపక్కకి తిరిగి పడుకోనుండాది, బిడ్డను ముట్టుకోదు." ఇట్లా చెప్పేవాళ్ళు. చేతిలో రిజిస్టరు ఉన్న మనిషి ఆ వీధికి అతనొక్కడే వస్తాడు. డాక్టరు రాడు, తహసీల్దారు రాడు. కాబట్టి ఉన్న రోగాలన్నీ అతనికే చెప్పుకున్నారు. ఆయన పిచ్చి అనే మాట వాడగా నేను వినలేదు. "ఇది కూడా జ్వరమేనమ్మా. ఒళ్ళు పట్టకుండా తలకి పట్టింది. తల జ్వరం. దీనికీ మాత్రుండాది," అనేవాడు. తల జ్వరం అనేసరికి ఇంట్లోవాళ్ళ ముఖాలు తేటపడేవి. పిచ్చి అంటే కూతురికి సంబంధాలు రావు. జ్వరం ఎవరికైనా వస్తుంది.

మొదటివాడు ఒక బెల్లం మేస్త్రీ. పాకం పదును తెలిసినవాడు. ఒక చుక్క నీళ్ళలో వేసి చూసి, "దించు" అంటే దించాల్సిందే. ముప్ఫై ఏళ్ళ వయసులో, చెరుకు గానుగ తనను పేరు పెట్టి తిడుతోందని చెప్పడం మొదలుపెట్టాడు. గానుగ ఆపారు. ఆపినా తిడుతోందన్నాడు. ఒక రోజు దాని నోరు మూయిస్తానని మరిగే పాకంలో చెయ్యి పెట్టబోతే నలుగురు పట్టుకుని లాగారు. ఆ తర్వాత అతన్ని ఎద్దుల కొట్టంలో, ఎద్దుల తాడుతోనే, గుంజకు కట్టారు. ఎద్దుల్ని మాత్రం పగలు విప్పేవాళ్ళు. అంతవరకూ జరిగిన వైద్యం: కొండమీద గుండ్లు నాలుగు, తాయెత్తులు రెండు, నిమ్మకాయలు లెక్కలేవు, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని చదువుకున్నవాళ్ళ సలహా ఒకటి. పెళ్ళి కూడా చేశారు. ఆ అమ్మాయి మూడో నెలలో వెళ్ళిపోయింది.

మానసిక వైద్యం ఉండనే ఉంది, ఒక పెద్ద ఊరి పెద్దాసుపత్రిలో. ఏ ఊరో చెప్పను, నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. వారానికి ఒక పూట, మంగళవారం, పదిన్నర నుంచి. పదిన్నరకు అక్కడ ఉండాలంటే తెల్లవారకముందే బస్సెక్కాలి. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలవని మనిషిని బస్సెక్కించాలంటే కండక్టరు ఒప్పుకోవాలి, బస్సులో వాళ్ళు ఒప్పుకోవాలి, ఊరు చూడకూడదు. ఈ చిక్కును ఆయన పరిష్కరించిన తీరు ఏ పథకంలోనూ లేదు. మేస్త్రీకి అయిదో గుండు చేయించాడు. మన బస్సుల్లో సగం తలలు గుండ్లే. గుండు మీద చందనం పూసుకుని, తనలో తాను గొణుక్కుంటూ, చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే మొక్కు తీర్చుకున్న భక్తుడనుకుంటారు. ఒకామె లేచి మేస్త్రీకి సీటు కూడా ఇచ్చిందట. "దేవుడు మన శాఖకి చేసిన సాయం ఇదొక్కటే సామీ, మనం కాదనకూడదు," అనేవాడు. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది మొదటిసారి డాక్టరు దగ్గరికి గుండుతోనే పోయారు.

అక్కడి డాక్టరు మంచివాడే. చూసి మాత్రలు రాశాడు: ఒక పసుపు మాత్ర, దాని వణుకు తగ్గించడానికి చిన్న తెల్ల మాత్ర. నెలన్నరకు మేస్త్రీ తాడు విప్పారు. మూడు నెలలకు పొయ్యి దగ్గరికి పోయి, ఎవరూ అడక్కుండానే, "దించు" అన్నాడు. తాడు అటకెక్కింది.

ఇక నిబంధన. మాత్రలు పదిహేను రోజులకే ఇస్తారు. తీసుకోవడానికి రోగి రావాలి, లేదా రక్తసంబంధీకులో వియ్యాలవారో రావాలి. మలేరియా కార్యకర్త అనే బంధుత్వం వాళ్ళ పుస్తకంలో లేదు. కాబట్టి ఆయన మేస్త్రీకి తమ్ముడయ్యాడు, పిల్లతల్లికి మేనమామ అయ్యాడు. బస్సులో నాతో మాట్లాడిన పెద్దామెకు అల్లుడయ్యాడు. నిద్రపట్టని లారీ డ్రైవరుకు బావ. ఒక దర్జీకి చిన్నాయన. ఆ దర్జీ ముసల్మాను. మాత్రలిచ్చే కిటికీ వెనక గుమాస్తా ఈ పట్టీ చూసి చూసి ఒక మంగళవారం అడిగాడట:

"ఏమప్పా, మీ వంశంలో ఎంతమందికి తల బాగుండదు?"

"ఇప్పటికి పదకొండు మంది సార్."

"అన్ని కులాల్లోనూ ఉండారే మీవాళ్ళు!"

"మా తాత శానా ఊర్లు తిరిగినాడు సార్."

కిటికీ ఆయన నవ్వాడట. నవ్విన తర్వాత ఇంకేం అడగలేదట. ఆ నవ్వు మీద పదకొండు మంది నిద్రపోయేవాళ్ళు.

ఇవేవీ నాకు మొదట తెలియవు. నాకు తెలిసింది అంకెలు. ఆయన తెచ్చే స్లైడ్లలో పదకొండు పేర్లు ప్రతి పక్షమూ తిరిగి వస్తున్నాయి. ప్రతిసారీ జ్వరం, ప్రతిసారీ నెగటివ్. ఎవరికైనా ఏడాది పొడుగునా పదిహేను రోజులకోసారి జ్వరం వస్తే బతకరు. వీళ్ళు నిక్షేపంగా ఉన్నారు. అడిగాను. ఆయన నన్ను ఒక ఆదివారం సైకిలు వెనక ఎక్కించుకుని మేస్త్రీ ఇంటికి తీసుకుపోయాడు.

అక్కడ చూసింది నాకు అచ్చంగా గుర్తుంది. మేస్త్రీ తల్లి ఏదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, రోగి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పేరు చెప్పప్పా."

మేస్త్రీ చెప్పాడు. ఆ పేరు ఆయన రిజిస్టరులో అప్పటికి పాతిక సార్లు రాసి ఉన్నాడు.

"నాయన పేరు?"

చెప్పాడు.

"జ్వరం ఎన్నాళ్ళబట్టి?"

"రెండేండ్లబట్టి."

"గానుగ ఏమంటా ఉండాది?"

"ఊరకే ఉండాదన్నా. అప్పుడప్పుడు గొణుగుతాది."

"గొణిగితే గొణగనీ. మా ఆఫీసూ అంతే. మనం మన పని చేసుకుంటా పోతే సరి. యాదీ, వేలు."

మేస్త్రీ ఎడమ చేతి ఉంగరం వేలు చాపాడు. సూది, రెండు చుక్కలు, గాజు. తర్వాత మాత్ర. దారిలో చెప్పాడు: పేరూ తండ్రి పేరూ తడుముకోకుండా చెప్తే మాత్ర సరిపోతోందని అర్థం. తడుముకుంటే వచ్చే మంగళవారం డాక్టరుకి చెప్పాలి. వేరే పేరేదైనా చెప్తే మనిషినే తీసుకుపోవాలి. రిజిస్టరు మొదటి మూడు కాలమ్‌లతో ఆయన ఒక పరీక్ష తయారు చేసుకున్నాడు. ప్రభుత్వానికి తెలియకుండా ప్రభుత్వ రిజిస్టరు ఒక పనికి వస్తోంది.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నా బాధ వేరు. "అంతా బాగుంది. కానీ జ్వరం లేనివాళ్ళను జ్వరం కాలమ్‌లో రాయకూడదు కదా?" అన్నాను.

ఆయన సైకిలు ఆపి, దిగి, రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టాడు. "పద్నాలుగు కాలాలుండాయి. యాడ రాయల్నో నువ్వే సూపించు సామీ."

వెతికాను. పేరు, తండ్రి పేరు, జ్వరం, ఇంటి నంబరు, వయసు, స్లైడు నంబరు, మాత్రలు, టీకాలు, గర్భిణులు, ఆపరేషన్లు... నిజంగానే లేదు. "అయితే రాయకండి," అన్నాను.

"రాయకుంటే ఆ ఇంట్లో అరగంట ఏం చేసినావంటారు. జ్వరమని రాస్తే నెత్తురేదీ అంటారు. అందుకని నెత్తురు కూడా తీస్తా ఉండా. నా రికార్డు అబద్ధం చెప్పదు. అడిగేటోళ్ళు సరిగా అడగలేదు, అంతే."

తర్వాతి తప్పులన్నీ వరసగా జరిగాయి. ఒకదానికొకటి కారణం. ఆయన ఊళ్ళలో జ్వరాలు ఎక్కువగా ఉన్నాయని జిల్లా ఆఫీసు గమనించింది. పక్కనున్న నెగటివ్ కాలమ్ గమనించలేదు. అంతదూరం చదివే తీరిక ఉంటే అది జిల్లా ఆఫీసు ఎందుకవుతుంది? మందు కొట్టేవాళ్ళు పంపులతో దిగారు. పదకొండు తల జ్వరాల కోసం ఊళ్ళకు ఊళ్ళు డీడీటీ కొట్టారు. మేస్త్రీ తల్లి దేవుడి పటాలూ, ఉప్పు జాడీ, పోపుల డబ్బా నెత్తిన పెట్టుకుని వీధిలో రెండు గంటలు నిలబడింది. ఊళ్ళలో నల్లులు చచ్చాయి. జనం సంతోషించారు. "ఏమన్నా, తల జ్వరానికి నల్లులు చచ్చినాయే, ఇంకొక తూరి కొట్టించు," అని ఆయన్ని ఏడిపించారు. తర్వాతి నెల రిపోర్టు పోయింది. జ్వరాలు తగ్గలేదు. అదే పదకొండు.

నేను ఊరుకోలేకపోయాను. అంత మందు వృథా కావడం నాకు బాధ కలిగించింది. ఒక పెద్ద కాగితం తీసుకుని, అడ్డంగా పక్షాలు, నిలువుగా పదకొండు పేర్లు, గడిలో స్లైడు ఫలితం, రెండు రంగుల సిరాతో పట్టిక గీశాను. కింద సవినయంగా రాశాను: వీరికి ఉన్నది మలేరియా కాదు, మనోవ్యాధి. వీరు చికిత్సలో ఉన్నారు. దయచేసి రిజిస్టరులో పదిహేనో కాలమ్ చేర్చగలరు. చేరిస్తే ఇటువంటివారు ఇంకెందరున్నారో కూడా తెలుస్తుంది. ఈ ఆఖరి వాక్యం నాకు బాగా నచ్చింది. ఆయనకు చూపించకుండా, ఆశ్చర్యపరుద్దామని, నేరుగా జిల్లాకు పంపాను.

నా పట్టికను వాళ్ళు శ్రద్ధగా చదివారు. ఈసారి నెగటివ్ కాలమ్ కూడా.

అట్లా ఆ వరండా.

అధికారి నా కాగితం విప్పి, "ఏమయ్యా, ఈ పదకొండు మందికి జ్వరం ఉందా లేదా?" అని ఆయన్ని అడిగాడు.

"లేదు సార్."

"మరి ఎందుకు రాసినావు?"

"ఊర్లు తిరగలేక, ఒక చోట కూర్చుని రాసినాను సార్."

నేను ఉలిక్కిపడ్డాను. అధికారి కూడా కొంచెం నిరాశపడ్డాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. "ఈ అబ్బాయి వాళ్ళకి మనోవ్యాధి అని రాసినాడే? చికిత్సలో ఉన్నారని కూడా రాసినాడు. ఎక్కడ చికిత్స? ఎవరిస్తున్నారు మందులు?"

"ఈ అబ్బయ్య శానా చదువుకున్నోడు సార్. ఊర్లు చూడలేదు. నేనేదో తమాషాకి చెప్తే నమ్మినాడు. మనోవ్యాధి లేదు, ఏమీ లేదు."

అధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు వాళ్ళని కళ్ళారా చూసినావా?"

జ్వరాలాయన గోడను చూస్తున్నాడు. నేను మేస్త్రీని చూశాను. చాపిన వేలు చూశాను. చూశానని చెప్తే ఆయన తప్పు రాతగాడు కాకుండా పోతాడు, ఉద్యోగం నిలుస్తుంది. చూశానంటే తర్వాతి ప్రశ్న మాత్రలు ఎక్కడివని. దాని తర్వాతి ప్రశ్న ఏ కిటికీ అని. ఆ తర్వాత కిటికీ దగ్గర నవ్వు ఉండదు, మాత్రలూ ఉండవు. ఈ లెక్క నాకు ఒక నిమిషం పట్టింది. ఆయనకు బహుశా సైకిలు మీద వస్తున్నప్పుడే తట్టి ఉంటుంది.

"లేదు సార్. చూడలేదు," అన్నాను.

నాకు తెలిసి, నేను ప్రభుత్వానికి ఇచ్చిన మొదటి తప్పు ఫలితం అది.

తీర్పు ఒక వారంలో వచ్చింది. లేని జ్వరాలతో ప్రభుత్వ డీడీటీ వృథా చేయించినందుకు ఆయనకు హెచ్చరిక, జిల్లా పడమటి కొసన అడవి పక్క ఊరికి బదిలీ. అంకెల పట్ల శ్రద్ధ కనబరచినందుకు నాకు ప్రశంసా పత్రం. పదిహేనో కాలమ్ సంగతేమిటని నేను మర్యాదగా గుర్తు చేస్తే అధికారి, "అట్లాంటివాళ్ళు లేరని విచారణలో తేలింది కదయ్యా. లేనివాళ్ళకి కాలమ్ ఎందుకు?" అన్నాడు. తర్కంలో దోషం లేదు. అదే ఏడాది మా సమితిలో గ్రామీణ మానసిక ఆరోగ్యంపై సభ కూడా జరిగింది. బ్యానరు, పూలదండలు, ముగ్గురు వక్తలు. పల్లెల్లో ఈ వైద్యం అందుబాటులోకి రావాలని ముగ్గురూ అన్నారు. వాళ్ళ కార్లు పోయిన రోడ్డు పక్కనే మేస్త్రీ పొయ్యి.

బదిలీ కాగితం అందిన సోమవారం సాయంత్రం ఆయన ల్యాబుకి వచ్చాడు. నేను నిలబడ్డాను. క్షమాపణలాంటిది ఏదో తయారు చేసుకున్నాను, మూడు భాగాలుగా.

"అవన్నీ రాసుకోని పెట్టుకో, మల్ల చదువుకుందువు," అన్నాడు. "నేను పోయే ఊరికి ఈడ్నుంచి రెండు బస్సులు మారాల. ఆ కిటికీ కాడికి నేనింక పోలేను. విచారణని చెప్పి నన్ను ఊర్లకి పోనీకుండా ఈడనే కూర్చోబెట్టినారు. మేస్త్రీకి మాత్రలైపోయి తొమ్మిది దినాలు. నీకు చుట్టాలెవురన్నా ఉండారా ఈ పక్క?"

"లేరు. మాది నెల్లూరు."

"రేపట్నుంచీ ఉండారు," అని ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. పదకొండు పేర్లు, తండ్రుల పేర్లు, చీటీ నంబర్లు. బంధుత్వం గడి ఖాళీ. "నీ వయసుకి తగినట్టు నువ్వే రాసుకో. అల్లుడని రాసేటప్పుడు జాగర్త, ఆ ముసలామె నిజమనుకుంటాది." అంతే. సైకిలు ఎక్కి, మలుపులో అలవాటుగా దగ్గి, పోయాడు. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

మంగళవారం పదిన్నరకు కిటికీ ముందున్నాను. బంధుత్వాలన్నీ వయసులు సరిచూసి, ఒకదానికొకటి అడ్డం రాకుండా రాసుకుని పోయాను. గుమాస్తా చదివాడు.

"పాతాయన యాడ?"

"బదిలీ అయింది సార్."

"తమ్ముడికి బదిలీ అయితే కొత్త తమ్ముడొస్తాడా?"

నేను రాసుకొచ్చిన బంధుత్వాలు మళ్ళీ చూసుకున్నాను. ఆయన నా ముఖం చూసి, మాత్రలు పొట్లాలు కడుతూ, "మీ తాత నిజంగానే శానా ఊర్లు తిరిగినాడప్పా," అన్నాడు.

బుధవారం సెలవు పెట్టి, అద్దె సైకిలు తీసుకుని బయల్దేరాను. మొదట మేస్త్రీ ఇల్లు. తాడు అటక దిగి గడప పక్కన ఉంది. ఇంకా కట్టలేదు. మేస్త్రీ లోపల గోడకానుకుని, పెదవులు కదుపుతూ, చెవులు మూసుకుని కూర్చున్నాడు.

"మూడు దినాలుగా గానుగ తిడతా ఉండాదంటాడు," అంది తల్లి. "ఈ సందేళకి కట్టేయమని మా మరిది చెప్పినాడు. పొయ్యికాడికి పోతే ఎట్ల?"

మాత్రలు చూపించాను. ఆమె చూసింది. నా సంచీ వైపు చూసింది.

"సూది యాదీ?"

సూది తేలేదు. మేస్త్రీకి మలేరియా లేదు. నెత్తురు రిజిస్టరు కోసం తీసేవాళ్ళు. నాకు రిజిస్టరు లేదు. కాబట్టి సూది అవసరం లేదని నేను ముందురోజే నిర్ణయించుకున్నాను. ఆ సంగతి ఆమెకు వివరంగా చెప్పాను.

"పోయ్యా," అంది. "సెడ్డ నెత్తురు తీసినాకనే కదా మాత్ర పనిచేసేది? జ్వరాలాయన ఒక్కనాడన్నా సూది లేకుండా మాత్రిచ్చినాడా? ఉత్త మాత్ర మింగించి బిడ్డను సంపుకుంటానా నేను?"

చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరారు. అందరిదీ అదే మాట. ఆయన ఆఫీసు కోసం తీసిన నెత్తురు ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళలో అసలు వైద్యమైపోయింది. మాత్ర దాని తర్వాత వేసే పథ్యం. నేను వాదించాను. పరాన్నజీవుల గురించి కూడా చెప్పాను. ఆమె తాడు చేతిలోకి తీసుకుంది.

సైకిలు తిప్పాను. ల్యాబుకి నాలుగు మైళ్ళు, తిరిగి నాలుగు మైళ్ళు. సూదుల డబ్బీ, స్పిరిట్, దూది, గాజులు. ఎంత వేగంగా తొక్కానో లెక్క లేదు, గడియారం చూడలేదు. వచ్చేసరికి మరిది వచ్చి ఉన్నాడు, తాడు అతని చేతికి మారింది. నేను అతన్ని దాటుకుని లోపలికి పోయి, మేస్త్రీ ముందు గొంతుక్కూర్చున్నాను. పేరు అడిగాను. చెప్పలేదు. తండ్రి పేరు అడిగాను. చెప్పలేదు. వేలు అన్నాను. చెవి మీది ఎడమ చెయ్యి చాలాసేపటికి కిందికి దిగింది. పొడిచాను. రెండు చుక్కలు, గాజు మీద. తల్లి ఆ గాజును వెలుగులో చూసి, "నల్లగా ఉండాది సూడు ఎంత సెడిందో," అని మరిదికి చూపించి, తానే నీళ్ళ చెంబు తెచ్చింది. పసుపు మాత్ర, తెల్ల మాత్ర. అతను గుటక వేసేదాకా చూశాను. మరిది తాడు చుట్ట చుట్టుకుని, రేపటిదాకా చూస్తానన్నాడు.

తక్కిన ఇళ్ళకు సూదితోనే పోయాను. పిల్లతల్లిని పుట్టింటివాళ్ళు అంతకు రెండు రోజుల ముందే తీసుకుపోయారు, ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. దర్జీ కొత్త మనిషిని చూసి తలుపు వేసుకున్నాడు, ఎంత పిలిచినా తీయలేదు. పెద్దామె వేలు చాపి, పాత అల్లుడు మెల్లగా పొడిచేవాడని చెప్పింది. ల్యాబుకి వచ్చి గాజులకు రంగు పట్టించి, ఒక్కొక్కటీ నూరు చోట్ల చూశాను. అన్నీ నెగటివ్.

ఆ పక్షం మాత్ర మింగినవాళ్ళు తొమ్మిది మంది.